హైదరాబాద్‌కు మొదటిసారి వస్తున్నారా? గది ఎక్కడ తీసుకోవాలో తేల్చుకునే పద్ధతి

జిల్లా కేంద్రంలో గది వెతుక్కోవడం సులువు. బస్టాండులో దిగి, ఎదురుగా కనిపించే రెండు మూడు లాడ్జీల్లో కాస్త శుభ్రంగా ఉన్నదాంట్లో బ్యాగు పెడితే సరిపోతుంది. కలెక్టరేటైనా, ఆసుపత్రైనా, గుడైనా ఆటోలో పదిహేను నిమిషాలు. హైదరాబాద్‌లో ఈ అలవాటు పనిచేయదు. ఆర్టీసీ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్ పక్కన గది చవకగా దొరికిందని తీసుకుంటే, పొద్దున తొమ్మిదికి ఊరి పడమటి వైపున్న నానక్‌రామ్‌గూడలో ఉండాల్సిన మనిషి చీకటితోనే లేచి ఏడు కొట్టకముందే బయల్దేరాలి. నగరం చుట్టూ తిరిగే ఔటర్ రింగ్ రోడ్డు పొడవే 158 కిలోమీటర్లు. దాని లోపల ఎక్కడ గది తీసుకున్నా ‘హైదరాబాద్‌లోనే కదా’ అనుకుంటే రోజుకు మూడు నాలుగు గంటలు రోడ్డు మీదే పోతాయి.

అందుకే గది వెతకడానికి ఫోన్ తీసేముందు ఒక కాగితం తీయండి.

మొదటి మెట్టు: కాగితం మీద నాలుగు సంగతులు

పని ఎక్కడ, పొద్దున ఎన్నింటికి, ఎన్ని రోజులు, ఎవరెవరు వస్తున్నారు. ఈ నాలుగూ రాయండి. ‘గచ్చిబౌలి’, ‘బంజారాహిల్స్’ అని పేట పేరు రాసి ఊరుకోవద్దు. అపాయింట్‌మెంట్ లెటర్ మీదో హాల్‌టికెట్ మీదో ఉన్న చిరునామాను పిన్‌కోడ్‌తో సహా దించుకోండి. బంజారాహిల్స్‌కూ జూబ్లీహిల్స్‌కూ రోడ్డు నంబర్లు వేర్వేరుగా ఉన్నాయి. ‘రోడ్ నంబర్ 10’ అని మాత్రమే చెబితే ఆటో ఏ కొండ ఎక్కుతుందో చెప్పలేం. చింతల్ వేరు, చింతల్‌బస్తీ వేరు: మొదటిది కుత్బుల్లాపూర్ వైపు, రెండోది ఖైరతాబాద్ దగ్గర. పోటీ పరీక్షల కోచింగుకు పేరుపడ్డ అశోక్‌నగర్ చిక్కడపల్లి పక్కన ఉంటే, అదే పేరుతో ఇంకోటి రామచంద్రాపురం వైపు ఉంది. రెండింటి మధ్యా ఊరంతా ఉంది.

అన్నిటికంటే ఎక్కువమందిని తిప్పలు పెట్టేది హైటెక్ సిటీ. ఆ పేరుతో ఎంఎంటీఎస్ (ఊళ్లో తిరిగే లోకల్ రైళ్లు) స్టేషన్ ఒకటి, మెట్రో స్టేషన్ ఒకటి ఉన్నాయి. రెండూ ఒకచోట లేవు, నడుమ రెండు కిలోమీటర్లకు పైనే. ‘హైటెక్ సిటీ స్టేషన్‌కు ఐదు నిమిషాల నడక’ అని లాడ్జివాళ్లు అంటే, ఏ స్టేషన్ అని అడగండి.

పిన్‌కోడ్ ఇక్కడ బాగా పనికొస్తుంది. హోటల్ పేరు పక్కన ‘నియర్ హైటెక్ సిటీ’ అని ఎవరైనా రాసుకోవచ్చు, చిరునామా చివరి అంకెలు మాత్రం అలా మారవు. 500081 అంటే మాదాపూర్, 500032 గచ్చిబౌలి, 500072 కూకట్‌పల్లి, 500034 బంజారాహిల్స్, 500082 సోమాజిగూడ–పంజాగుట్ట, 500016 బేగంపేట–అమీర్‌పేట, 500001 అబిడ్స్, 500003 సికింద్రాబాద్, 500060 దిల్‌సుఖ్‌నగర్. పేరులో హైటెక్ సిటీ ఉండి పిన్‌కోడ్ 500072 అయితే ఆ గది కూకట్‌పల్లిలో ఉన్నట్టు.

రెండో మెట్టు: మీ బండి ఊళ్లోకి ఏ దారిన వస్తుంది?

విజయవాడ, ఖమ్మం, నల్లగొండ వైపు నుంచి వచ్చే బస్సు మొదట ఎల్బీనగర్ తాకుతుంది. అక్కడి నుంచి ఆర్టీసీ బస్సులు ఎక్కువగా ఎంజీబీఎస్‌కు, ప్రైవేటు ట్రావెల్స్ చాలావరకు లక్డీకాపూల్, అమీర్‌పేట మీదుగా కూకట్‌పల్లి, మియాపూర్ దాకా వెళ్తాయి. వరంగల్, యాదగిరిగుట్ట వైపు వాళ్లకు ఉప్పల్. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు శంషాబాద్, ఆరాంఘర్. కరీంనగర్, నిజామాబాద్ బస్సులు సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్)కు వస్తాయి. సంగారెడ్డి, జహీరాబాద్ వైపు నుంచైతే పటాన్‌చెరు దాటి మియాపూర్.

ఇది తెలిస్తే, తెల్లారుజామున దిగేచోటే ఊరి అంచున గది తీసుకోవాలా, బస్సులోనే ఇంకో గంట కూర్చుని పనికి దగ్గర్లో దిగాలా అన్నది ముందే తేల్చుకోవచ్చు. విజయవాడ నుంచి వచ్చి కూకట్‌పల్లి వైపు పనున్నవాళ్లు ఎంజీబీఎస్ దాకా వెళ్లే బస్సు ఎక్కి, అక్కడ దిగి ఆటో మాట్లాడుకోవడం అనవసరమైన ఖర్చు. అదే రాత్రి మియాపూర్ దాకా వెళ్లే బస్సు ఉండే ఉంటుంది. టికెట్ తీసేటప్పుడు ‘డ్రాపింగ్ పాయింట్ల’ పట్టీ పూర్తిగా చదవండి.

రైల్లో వచ్చేవాళ్లు టికెట్ మీది స్టేషన్ పేరు మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ‘హైదరాబాద్ దక్కన్’ అంటే నాంపల్లి. సికింద్రాబాద్, కాచిగూడ, లింగంపల్లి విడి విడి స్టేషన్లు. వీటికి తోడు 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలైంది. సికింద్రాబాద్ స్టేషన్‌ను తిరిగి కడుతున్నందున కొన్ని రైళ్లను అక్కడికి మార్చారు. చర్లపల్లికి మెట్రో లేదు. అక్కడ దిగేవాళ్లు ముందు ఉప్పల్ వైపో తార్నాక వైపో చేరి మెట్రో పట్టుకోవాలి. ‘ఎప్పుడూ సికింద్రాబాద్‌లోనే దిగుతాం కదా’ అని అక్కడే గది తీసుకున్న కుటుంబం, రాత్రి పదిన్నరకు చర్లపల్లిలో దిగి సామాను, పిల్లలతో క్యాబ్ కోసం నిలబడాల్సి వస్తుంది.

మూడో మెట్టు: మూడు గీతలు గీయండి

మెట్రోకు మూడు దారులే. ఎర్ర గీత మియాపూర్ నుంచి కూకట్‌పల్లి, అమీర్‌పేట, పంజాగుట్ట, లక్డీకాపూల్, నాంపల్లి, ఎంజీబీఎస్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ దాకా. నీలి గీత నాగోల్ నుంచి ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, అమీర్‌పేట, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, మాదాపూర్, హైటెక్ సిటీ మీదుగా రాయదుర్గం దాకా. ఆకుపచ్చ గీత జేబీఎస్ నుంచి గాంధీ ఆసుపత్రి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, నారాయణగూడ మీదుగా ఎంజీబీఎస్ దాకా. ఎరుపు, నీలం కలిసేది అమీర్‌పేటలో. ఎరుపు, ఆకుపచ్చ కలిసేది ఎంజీబీఎస్‌లో. నీలం, ఆకుపచ్చ కలిసేది పరేడ్ గ్రౌండ్ దగ్గర. రైళ్లు పొద్దున ఆరు ప్రాంతంలో మొదలై రాత్రి పదకొండు దాకా నడుస్తాయి కాబట్టి, తెల్లవారుజామున నాలుగున్నరకు దిగేవాళ్లకు మెట్రో లెక్కలోకి రాదు.

సూత్రం ఇది: మీ పని జరిగే చోటూ, మీ గదీ ఒకే గీత మీద ఉండాలి. కుదరకపోతే ఒక్కసారి మారితే చేరేటట్టు ఉండాలి. రెండుసార్లు మారి, ఆపైన ఆటో ఎక్కాలంటే ఆ గది వదిలేయండి.

మెట్రో లేని చోట్లు కూడా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మొదటిసారి వచ్చేవాళ్లు వెళ్లాలనుకునేవి చాలావరకు అక్కడే ఉన్నాయి. పాతబస్తీకి మెట్రో లేదు. చార్మినార్‌కు దగ్గరది ఎంజీబీఎస్ స్టేషన్, అక్కడి నుంచి మూసీ దాటి రెండు కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. గోల్కొండకు లేదు, మెహదీపట్నానికి లేదు. గచ్చిబౌలి లోపలికి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు, కొండాపూర్‌కు లేదు. శంషాబాద్ విమానాశ్రయానికీ లేదు, అక్కడి నుంచి ఊళ్లోకి ఆర్టీసీ పుష్పక్ బస్సులు నడుస్తాయి.

ఇప్పుడు ఫోన్‌లో మ్యాప్ తెరిచి, గది నుంచి పని చోటికి దారి వెతకండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఆదివారం మధ్యాహ్నమో రాత్రి పదకొండుకో వెతికి ‘ముప్పై నిమిషాలే’ అనుకోవడం. సమయం దగ్గర ‘ఈ వేళకు చేరాలి’ అన్న ఏర్పాటు ఉంటుంది. దాంట్లో మీరు వెళ్లే వారం, మీకిచ్చిన సమయానికి అరగంట ముందు వేళ పెట్టి చూడండి. ‘35 నిమిషాల నుంచి గంటా 10 నిమిషాలు’ అని వస్తే పెద్ద అంకెనే నమ్మండి. వానాకాలమైతే దానికి ఇంకో అరగంట కలపండి. గంటసేపు గట్టి వాన పడితే ఫ్లైఓవర్ల కిందా చౌరస్తాల్లోనూ నీళ్లు నిలిచి బండ్లు కదలవు.

ఊళ్లో జనం పొద్దున పడమటికి, అంటే మాదాపూర్, గచ్చిబౌలి వైపు పోతారు, సాయంత్రం తిరిగొస్తారు. ఎనిమిదిన్నర, పదిన్నర మధ్య అమీర్‌పేటలో రాయదుర్గం రైలు ఎక్కాలంటే సూట్‌కేసుతో అయ్యే పని కాదు. సామాను మోసుకుని గది మారేది ఉంటే మధ్యాహ్నం పెట్టుకోండి.

నాలుగో మెట్టు: ఏ పేట ఎవరికి నప్పుతుంది

పని ఒకేచోట కాక రెండు మూడు చోట్ల ఉంటే, ఎక్కడెక్కడో ఇంకా తేలకపోతే, అమీర్‌పేట, పంజాగుట్ట, లక్డీకాపూల్ నడుమ ఎర్ర గీత మీద గది తీసుకోవడం మేలు. ఊరికి ఇది నడుము లాంటిది, ఎటు వెళ్లాలన్నా సగం దారే. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్‌లో మెస్సులు, టిఫిన్ బళ్లు అడుగడుగునా ఉంటాయి కాబట్టి తిండి ఖర్చు తగ్గుతుంది. అయితే కోచింగ్ సెంటర్ల పిల్లలతో సందులన్నీ కిటకిటలాడతాయి, గదులు చిన్నవి, కారు పెట్టుకునే చోటు దొరకదు. సొంత కారులో వచ్చే కుటుంబానికి లక్డీకాపూల్, ఖైరతాబాద్ వైపు హోటళ్లు నయం. పార్కింగ్ ఉందని రాస్తే సరిపోదు, సెల్లారులోనా రోడ్డు పక్కనా అని అడగండి.

చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ చూడ్డానికి వచ్చేవాళ్లకు అబిడ్స్, నాంపల్లి, లక్డీకాపూల్ బాగుంటాయి. చార్మినార్ కిందే ఉండాలని సరదాపడి పాతబస్తీలో గది తీసుకుంటే సాయంత్రాల రద్దీలో బండి లోపలికి రాదు, సామానుతో నడవాలి. అక్కడికి పొద్దున్నే వెళ్లి చూసి రావడమే సుఖం. ఇంకో మాట: సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా రెండింటికీ శుక్రవారం సెలవు, జూపార్కుకు సోమవారం సెలవు. రెండు రోజుల కోసం వచ్చేవాళ్లు ఈ సెలవులు చూసుకున్నాకే గది తేదీలు ఖాయం చేయాలి. రామోజీ ఫిల్మ్‌సిటీ విజయవాడ హైవే మీద, హయత్‌నగర్ దాటాక ఉంది. అది చూసే రోజుకు ముందు రాత్రి ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు ఉంటే ఊరంతా దాటే పని తప్పుతుంది.

సికింద్రాబాద్ రైలు దిగేవాళ్లకూ తెల్లారి రైలెక్కేవాళ్లకూ సరైన చోటు. స్టేషన్ చుట్టూ లాడ్జీలు లెక్కలేనన్ని. రైలు మోత, బస్సుల హారన్ల మధ్య నిద్ర పట్టనివాళ్లు స్టేషన్ ఎదుటి రోడ్డు వదిలి ప్యారడైజ్ వైపో మారేడ్‌పల్లి వైపో వెతకాలి.

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీనగర్ చవక, మెట్రో ఉంది, విజయవాడ బస్సులు ఇటే వస్తాయి. పని ఎర్ర గీత మీదైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. గచ్చిబౌలిలో పనైతే మాత్రం ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు రోజూ ప్రయాణం తప్పదు.

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లో లాడ్జీల కన్నా హోటళ్లు, సర్వీస్ అపార్ట్‌మెంట్లు ఎక్కువ. సోమవారం నుంచి గురువారం దాకా కంపెనీల పని మీద వచ్చేవాళ్లతో అద్దె పెరిగి, శుక్ర, శనివారాల్లో తగ్గడం మామూలు. కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ, మియాపూర్ వీటికి కాస్త చవకైన ప్రత్యామ్నాయాలు. మ్యాప్‌లో కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీ దగ్గరగా కనిపిస్తుంది, నిజంగా దగ్గరే కూడా. మెట్రోలో వెళ్లాలంటే మాత్రం అమీర్‌పేట దాకా వెనక్కి వెళ్లి, రైలు మారి, మళ్లీ ముందుకు రావాలి. ఈ రెండింటి మధ్య బస్సో ఆటోనే నేరు దారి.

శంషాబాద్‌లో గది ఒక్క రాత్రి కోసమే, అదీ విమానం తెల్లారుజామున అయితేనే.

ఐదో మెట్టు: వచ్చిన పనిని బట్టి సర్దుబాటు

ఆసుపత్రి పని మీద వచ్చేవాళ్లకు పైన చెప్పిన సూత్రం చాలదు. రోగి ఉన్నప్పుడు మెట్రో గీతను పక్కనపెట్టి, నడిచి వెళ్లగలిగే దూరంలో గది చూడాలి. ఓపీ చీటీ కోసం పొద్దున్నే వరుసలో ఒకరు నిలబడాలి, రక్త పరీక్షకు పరగడుపున వెళ్లాలి, రిపోర్టు సాయంత్రం తీసుకోవాలి, డాక్టర్ మర్నాడు రమ్మంటారు. రోజుకు మూడు నాలుగు తిరుగుళ్లు. నిమ్స్‌కైతే పంజాగుట్ట, ఎర్రమంజిల్. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికీ నిలోఫర్‌కూ రెడ్‌హిల్స్, లక్డీకాపూల్. ఉస్మానియాకు అఫ్జల్‌గంజ్, కోఠి. గాంధీకి ఆకుపచ్చ గీత మీద ఆ పేరుతోనే స్టేషన్ ఉంది, ముషీరాబాద్, సికింద్రాబాద్‌లో ఉండొచ్చు. ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లో ఉంది, గది పంజాగుట్ట వైపు చూసుకోండి. ఏఐజీ ఆసుపత్రికి గచ్చిబౌలి, కొండాపూర్.

ఆసుపత్రి చుట్టుపక్కల సందుల్లో రోజు లెక్కన, వారం లెక్కన గదులిచ్చే ఇళ్లు ఉంటాయి. గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు ఇచ్చేవి కూడా దొరుకుతాయి. పథ్యం వండిపెట్టాల్సినవాళ్లకు ఇది హోటల్ కన్నా ఎంతో మేలు. ఇలాంటి గదికి మొదట మూడు రోజులకే డబ్బు కట్టండి. డాక్టర్ ఎన్నాళ్లు ఉండమంటారో చూపించుకున్నాకే తెలుస్తుంది, నెల అడ్వాన్స్ ఇచ్చేస్తే తిరిగి రాబట్టుకోవడం కష్టం. లిఫ్టు ఉందా, లేకపోతే గది ఏ అంతస్తు, బాత్రూంలో కూర్చునే కమోడ్ ఉందా అని ముందే అడగాలి. మోకాలి ఆపరేషన్ చేయించుకున్న మనిషిని మూడో అంతస్తుకు మెట్ల మీద ఎక్కించడం ఎంత నరకమో ఆ మెట్ల దగ్గరే అర్థమవుతుంది, అప్పటికి డబ్బు కట్టేసి ఉంటారు.

పరీక్ష రాయడానికి వచ్చేవాళ్లకు ఊరి నడుమ గది దాదాపుగా పనికిరాదు. కేంద్రాలు చాలావరకు ఊరి అంచుల్లో ఇంజనీరింగ్ కాలేజీల్లో పడతాయి. ఘట్‌కేసర్ వైపు పడితే ఉప్పల్‌లో ఉండండి. ఇబ్రహీంపట్నం వైపైతే ఎల్బీనగర్, బీఎన్‌రెడ్డినగర్. బాచుపల్లి, దుండిగల్ వైపైతే కూకట్‌పల్లి, మియాపూర్. మొయినాబాద్, గండిపేట వైపైతే మెహదీపట్నం. మేడ్చల్, కండ్లకోయ వైపైతే సికింద్రాబాద్, సుచిత్ర. అంటే కాలేజీకి వెళ్లే రోడ్డు ఊళ్లో ఎక్కడ మొదలవుతుందో అక్కడ గది. ఒకే పేరుతో రెండు మూడు కాలేజీలు వేర్వేరు చోట్ల ఉంటాయి, హాల్‌టికెట్ మీది ఊరి పేరు కలిస్తేనే నమ్మాలి. ముందు రోజు సాయంత్రం ఒకసారి గేటు దాకా వెళ్లి రావడం మంచిది. గేటు మూసే సమయం హాల్‌టికెట్ మీద ఉంటుంది, నిమిషం ఆలస్యమైనా లోపలికి పోనివ్వరు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లడానికి వీసా కోసం వచ్చే అమ్మానాన్నలు ఎందరో. అమెరికా కాన్సులేట్ 2023 మార్చి నుంచి నానక్‌రామ్‌గూడలో ఉంది. బేగంపేటలోని పాత పైగా ప్యాలెస్ చిరునామా చూసి అక్కడ గది తీసుకోవద్దు. వేలిముద్రలు, ఫొటో ఇచ్చే కేంద్రం వేరు, ఇంటర్వ్యూ జరిగే కాన్సులేట్ వేరు, తేదీలూ వేర్వేరే. రెండు లెటర్ల మీద ఉన్న రెండు చిరునామాలూ చూసుకుని, ఇంటర్వ్యూకు దగ్గరగా గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలో గది తీసుకోండి. ఫోన్లు, బ్యాగులు కాన్సులేట్ లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి వాటిని గదిలో వదిలి ఆటోలో పది నిమిషాల్లో చేరేటట్టు ఉంటే పెద్దవాళ్లకు ఆదుర్దా సగం తగ్గుతుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లు మొదటి రోజే హాస్టల్‌కు నెల డబ్బు కట్టకుండా, ఆఫీసు దగ్గర మూడు రాత్రులు లాడ్జిలోనో రోజువారీ హాస్టల్ పడకలోనో ఉండి, సాయంత్రాలు తిరిగి చూసుకోవడం మంచిది. హాస్టల్‌లో భోజనాల వేళ చూడాలి, పొద్దున పదకొండింటికి గది ఎంత బాగున్నా కూర సంగతి రాత్రి ఎనిమిదిన్నరకే తెలుస్తుంది.

ఆరో మెట్టు: గంటల లెక్క

పాత లాడ్జీల్లో 24 గంటల పద్ధతి ఉంటుంది: పొద్దున ఐదింటికి చేరితే మర్నాడు ఐదింటి దాకా మీదే. యాప్‌లలో కనిపించే హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండుకు లోపలికి, మర్నాడు పదకొండుకో పన్నెండుకో బయటికి. మన వైపు బస్సులు, రైళ్లు చాలావరకు తెల్లారుజామునే దింపుతాయి. రెండో పద్ధతి ఉన్న హోటల్ బుక్ చేసుకుని పొద్దున ఐదింటికి కౌంటర్ ముందు నిలబడితే, మధ్యాహ్నం దాకా సోఫాలో కూర్చోమంటారు, లేదా ఒక రోజు అద్దె అదనంగా అడుగుతారు. అందుకే బుక్ చేసేముందే ‘పొద్దున ఐదింటికి వస్తాం, రూమ్ ఇస్తారా, ఎంత అదనం?’ అని తేల్చుకోండి.

స్నానం చేసి, బట్టలు మార్చుకుని, పని చూసుకుని రాత్రికి తిరిగి రైలెక్కేవాళ్లకు పూర్తి రోజు గది అక్కర్లేదు. రైల్వే స్టేషన్లలో రిటైరింగ్ రూములు, డార్మిటరీ పడకలు ఉన్నచోట ఐఆర్‌సీటీసీలో పీఎన్‌ఆర్ నంబరు కొట్టి 12 గంటలకు కూడా తీసుకోవచ్చు. టికెట్ కన్ఫర్మో ఆర్‌ఏసీయో అయి ఉండాలి.

ధరలు పోల్చేటప్పుడు గది అద్దె ఒక్కటే చూడొద్దు. లెక్క కోసం అనుకుందాం: గచ్చిబౌలిలో పని, మూడు రోజులు, ఇద్దరు మనుషులు. అక్కడ గది 2,200, దిల్‌సుఖ్‌నగర్‌లో 1,500. రోజుకు 700 మిగిలినట్టు కనిపిస్తుంది. రానూపోనూ క్యాబ్ 1,000 అయితే రోజుకు 300 నష్టం, పైగా మూడు గంటలు పోయాయి. మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్లి ఆటో ఎక్కితే డబ్బు మిగులుతుంది, సమయం మిగలదు. యువకుడు ఒక్కడే అయితే అలా చేయొచ్చు, అమ్మానాన్నలతో వద్దు. తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కనుక వాళ్ల లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్ ఆధార్ ఉన్నవాళ్లకు ఇది వర్తించదు.

యాప్‌లో కనిపించే ధరకు పన్ను కలుస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతం. ఎవరైనా ఇంకా 12 శాతం వేస్తుంటే బిల్లు అడగండి.

ఏడో మెట్టు: ఫోన్ చేసి అడగాల్సినవి

నంబరు ఎక్కడిదో చూసుకోవాలి. ఇంటర్నెట్‌లో వెతికితే హోటల్ పేరు మీద మోసగాళ్ల నంబర్లు కూడా వస్తాయి. అడ్వాన్స్ యూపీఐలో పంపమంటే, ఖాతా పేరు హోటల్ పేరుతో కలవకపోతే పంపొద్దు.

‘కిటికీ ఉందా, ఉంటే బయటికి తెరుచుకుంటుందా?’ అని తప్పకుండా అడగండి. ఫొటోలో గోడ నిండా కర్టెన్ వేలాడుతుంది. గదిలోకి వెళ్లి పక్కకు లాగితే వెనక సున్నం గోడ, లేకపోతే లిఫ్టు సందులోకి తెరుచుకునే జానెడు రెక్క. ఒక్క రాత్రికి సర్దుకోవచ్చు, నాలుగు రోజులుంటే ఊపిరాడనట్టు ఉంటుంది, తడి బట్టలు ఆరవు. తర్వాత వేడినీళ్లు: గీజర్ గదిలోనే ఉందా, పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే వదులుతారా? నాలుగింటికి లేచి వెళ్లేవాళ్లకు రెండోది పనికిరాదు. ముగ్గురైతే మూడో మనిషికి మంచమా, నేల మీద పరుపా, దానికి ఎంత? కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాన్ ఒక్కటేనా? పక్కన ఫంక్షన్ హాల్ ఉందా? ముహూర్తాల రోజుల్లో అర్ధరాత్రి దాకా బ్యాండు మోత ఉంటుంది.

గుర్తింపు కార్డు గదిలో ఉండే పెద్దవాళ్లందరిదీ అడుగుతారు. కొన్ని లాడ్జీలు హైదరాబాద్ చిరునామా ఉన్న ఆధార్‌కు గది ఇవ్వవు. పెళ్లికాని జంటలకు, ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకు ఇవ్వనివీ ఉన్నాయి. ఇవన్నీ రాత్రి పదింటికి కౌంటర్ ముందు తెలిసేకంటే ముందు రోజు ఫోన్‌లో తెలిస్తే ఇంకోటి వెతుక్కోవచ్చు.

బస్టాండు, స్టేషన్ బయట ‘రూమ్ కావాలా సార్?’ అని వెంటపడేవాళ్లతో వెళ్లొద్దు. వాళ్ల కమీషన్ మీ అద్దెలోనే కలుస్తుంది. ‘మీరు చెప్పిన లాడ్జి మూసేశారు, ఇంకో మంచిది చూపిస్తా’ అని ఆటో అతను అంటే, అక్కడే ఆగి లాడ్జికి ఫోన్ చేయండి.

గదిలోకి అడుగుపెట్టాక

డబ్బు కట్టేముందే గది చూపించమనండి. దుప్పటి తీసి పరుపు కుట్లలో చూడండి, నల్లటి చుక్కలుంటే నల్లులు ఉన్నట్టే, గది మార్చమనండి. కుళాయి తిప్పండి, ఫ్లష్ నొక్కండి, లోపలి గడియ పడుతుందో లేదో చూడండి, ఫోన్ సిగ్నల్ అందుతుందా చూడండి. ఐదు నిమిషాల పని. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి, వెళ్లే సమయం దాని మీద రాయించండి.

తేదీలు ఖాయం చేసేముందు పంచాంగం చూడండి

వినాయక నిమజ్జనం రోజున, అనంత చతుర్దశి నాడు, ఖైరతాబాద్, ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల రోడ్లు మర్నాటి దాకా మూసేస్తారు. లక్డీకాపూల్‌లో గది ఉంటే నడిచే వెళ్లాలి, క్యాబ్ రాదు. ఆ రోజు మెట్రోలో కాలుపెట్టే చోటుండదు. ఆషాఢంలో బోనాలు గోల్కొండతో మొదలై సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజా వైపు సాగుతాయి. చూడ్డానికే వచ్చేవాళ్లకు ఆ చుట్టుపక్కలే ఉండటం భాగ్యం, వేరే పని మీద వచ్చేవాళ్లకు చిక్కు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడిమి దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుంది, సాయంత్రాలు ఆ రోడ్లలో బండి కదలదు. మృగశిర కార్తె నాడు చేప ప్రసాదం కోసం అదే మైదానానికి దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు, ఆ రెండు మూడు రోజులు అబిడ్స్, నాంపల్లి లాడ్జీల్లో గది దొరకడం కష్టం.

చివరి రాత్రి

నాలుగు రోజులకు మించి ఉండేవాళ్లు అన్ని రాత్రులూ ఒకే గదిలో గడపాలని లేదు. పని ముగిశాక చివరి రాత్రికి బయల్దేరే చోటికి మారడం మంచి పద్ధతి. తెల్లారి ఆరింటికి సికింద్రాబాద్‌లో రైలు ఉండి గది గచ్చిబౌలిలో ఉంటే, నాలుగున్నరకు క్యాబ్ ఒప్పుకున్న డ్రైవర్ చివరి నిమిషంలో రద్దు చేస్తే ఇంకో దారి లేదు, మెట్రో అప్పటికి మొదలు కాదు. తెల్లారుజామున విమానమైతే అటు శంషాబాద్ ఎలాగూ ఉంది, లేదా గచ్చిబౌలి నుంచి ఔటర్ మీదుగా క్యాబ్‌లో ముప్పావుగంటలో చేరొచ్చు. పగలు గది ఖాళీ చేసి రాత్రి రైలు ఎక్కేవాళ్లు సామాను స్టేషన్ క్లోక్‌రూములో పెట్టుకోవచ్చు. టికెట్ చూపించాలి, ప్రతి బ్యాగుకూ తాళం ఉండాలి. తాళం లేని సంచిని తీసుకోరు కాబట్టి ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే రెండు చిన్న తాళాలు బ్యాగులో వేసుకోండి.